గోడకు అవతల తీగ పట్టుకున్నదెవరు?

ముందే ఒక మాట. ఇది దెయ్యం కథ కాదు. నేను ఒక్కసారి కూడా దెయ్యం అనలేదు. ఆ మాట అన్నవాళ్ళు వేరే ఉన్నారు. ఎందుకన్నారో కూడా నాకు తెలుసు... చెప్తాను.

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఒకరు నవ్వుతారు, ఇంకొకరు ఎలుక అంటారు. విసుగొచ్చింది నాకు. నా కళ్ళతో చూసిందే చెప్తున్నాను. ఒక్క ముక్క కలిపినా మా అమ్మ మీద ఒట్టు. ఆమె నంద్యాలలో నిక్షేపంగా ఉంది. ఊరికే పెట్టే ఒట్టు కాదు.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

బెంగళూరు పక్కన హెబ్బగోడిలో ఒక చిన్న కంపెనీలో ఇంజినీర్ని. గోడల్లో పోయిన వైర్లు, నేలలో పూడ్చిన కేబుళ్ళు ఎక్కడ చెడిపోయాయో ఏదీ పగలగొట్టకుండా కనిపెట్టి చెప్పడం మా పని. దానికి మంచి మెషిన్లు దొరుకుతాయి. మా బాస్ కార్తీక్ కొనడు. "మీరున్నారు కదా సుహాసిని గారూ" అంటాడు. పొగడ్త అనుకోవాలట! అందుకని నేనే ఒక పెట్టె తయారు చేశాను. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది.

దాని ప్రాణమంతా ఒక ట్రాన్సిస్టర్‌లో ఉంది. మూడు కాళ్ళ చిన్న ముక్క. ఎస్పీ రోడ్డులో గుప్పెళ్ళకొద్దీ అమ్ముతారు. ఇంతకంటే ఎక్కువ ఓల్టేజీ పెట్టొద్దని తయారు చేసినవాళ్ళు చెప్తారు. నేను కావాలనే అంతకంటే చాలా ఎక్కువ పెడతాను. అది కాసేపు ఆపుతుంది... ఆపుతుంది... ఒక్కసారిగా వదిలేస్తుంది. టిప్పర్ లారీ వెనక తలుపు ఊడితే కంకర ఎలా జారుతుంది? ఒక రాయి రెండింటిని తోస్తుంది, ఆ రెండూ ఇంకొన్నింటిని తోస్తాయి... అలాగే. దాన్ని అవలాంచ్ అంటారు. పక్కన దాచిపెట్టిన కాస్త కరెంటూ ఒకే దెబ్బగా బయటికి దూకుతుంది. ఎంత వేగమంటే, ఆ దెబ్బ మొదలై ముగిసేలోపు వెలుతురు కూడా ఈ గోడ దగ్గర బయల్దేరి ఆ గోడకు చేరలేదు. దాచింది కొంచెమే కాబట్టి ట్రాన్సిస్టర్ చావదు. మళ్ళీ లేస్తుంది. మళ్ళీ కూలుతుంది. సెకనుకు వేలసార్లు. అన్ని ట్రాన్సిస్టర్లూ ఈ పని చేయవు. కొన్ని మెత్తగా జారిపోతాయి, కొన్ని కాలిపోతాయి. పనికొచ్చేది దొరికేదాకా ఒక్కొక్కటీ పెట్టి చూస్తూ నా ఆదివారాలన్నీ పోయాయి. సరే, అది వేరే కోపం.

ఆ దెబ్బను వైర్‌లోకి పంపుతాను. అది చివరిదాకా పరుగెత్తి వెనక్కి వస్తుంది. బావిలోకి కేక వేస్తే తిరిగి వినిపించినట్టు. ఎంతసేపట్లో వచ్చిందో చూస్తే ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. దారిలో ఏ చిన్న తేడా ఉన్నా అక్కడినుంచి కొంచెం తిరిగొస్తుంది. దెబ్బ ఎంత పదునుగా ఉంటే అంత చిన్న తేడా కూడా తెలుస్తుంది. పైన కవచం లేని మామూలు జంట వైరైతే, ఒక మనిషి దాన్ని పిడికిట్లో పట్టుకున్నా చాలు... తిరిగొచ్చినదాన్ని గీతగా చూపించే స్కోపు తెర మీద, గీతలో సరిగ్గా ఆ చోట, చిన్న గుంట పడుతుంది. వదిలేస్తే గుంట పోతుంది.

ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. పట్టుకుంటే గుంట. వదిలేస్తే లేదు.

బళేపేటలో ఒక పాత బిల్డింగు. కింద గాజుల దుకాణాలు, పైన బట్టల గోడౌన్లు, భూమి లోపల సెల్లారు. ఓనరు పేరు విశ్వనాథ్. తాతల నాటి నుంచీ బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. నిప్పంటుకుంటే నొక్కే అలారం బెల్లు ఒకటి అక్కడుంది. అది రాత్రిళ్ళు దానంతటదే మోగుతోందట. చుట్టుపక్కలవాళ్ళు గొడవ చేస్తున్నారు. సెల్లార్‌లో ఎక్కడో వైరు చెడిందని మమ్మల్ని పిలిచారు. పగలు ఆ సందులో పని కుదరదు. మూటలు మోసేవాళ్ళు, తోపుడుబండ్లు, అరుపులు... అందుకే దుకాణాలు మూశాక రమ్మన్నారు.

నేను ఒక్కదాన్నే వెళ్ళాను. తోడు ఎవరినైనా పంపమంటే కార్తీక్ "చిన్న జాబే కదా" అన్నాడు.

అక్కడ మునెప్ప ఉన్నాడు. బిల్డింగు చూసుకునే పెద్దాయన. తాళాలన్నీ ఆయన నడుముకే ఉంటాయి. నేను మునెప్పన్నా అని పిలిచాను, ఆయన నన్ను "మా" అన్నాడు. మంచి మనిషి. ఆ రాత్రి దాకా అలాగే అనుకున్నాను. ఇప్పుడు... సరే, చివర్లో మీరే చెప్పండి.

చివరి షట్టరు పడింది. ధడేల్‌మని. ఆ తర్వాత సందంతా నిశ్శబ్దం. చినుకులు పడుతున్నాయి. బెల్లు పెట్టె మెట్ల పక్కన, కింది అంతస్తులోనే ఉంది. దాన్నుంచి వైరు విప్పేసి నా పెట్టెకు కలిపాను. అంటే ఇక బెల్లు మోగే వీలు లేదు. స్కోపు మెట్టు మీద పెట్టుకున్నాను. పెట్టె ఆన్ చేస్తే సన్నగా కీ...మని ఒక మోత వస్తుంది. ఓల్టేజీ పెంచే కాయిల్ మోత అది. ఆ ఖాళీ బిల్డింగులో ఆ మోత ఎంత పెద్దగా వినిపించిందో!

తెర మీద పసుపు గీత. ఎడమ చివర నేను. కుడివైపు పోయేకొద్దీ సెల్లార్‌లో దూరం.

వైరు సెల్లారు గోడ వెంట, భుజం ఎత్తులో, స్తంభాల పక్కగా పోతుంది. చివర ఒక ఇటుక గోడలోకి దూరుతుంది. అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. నా తెర అలా చెప్పలేదు. గోడ ఉన్న చోట గీతలో చిన్న ముడత కనిపించింది. కదలని ముడత. దాని తర్వాత కూడా గీత పోతూనే ఉంది. వైరు గోడ దాటి అవతలికి, ఇంకా కొన్ని బారల దూరం పోయింది.

"మునెప్పన్నా, గోడకు అవతల ఏముంది?"

"అదీ సెల్లారే మా. ముందు అంతా ఒకటే ఉండె. అన్నదమ్ములు బాగాలు పంచుకున్నప్పుడు అడ్డం గోడ కట్టేసినారు. ఆ పక్క కొత్త బిల్డింగు లేసినప్పుడు మట్టి పోసి నింపేసినారంట."

"మీరు చూశారా?"

"నేనేడ చూస్తా మా... చెప్తే ఇన్నా."

మట్టిలో పూడిన వైరైతే గీత కిందికి దిగిపోవాలి. దిగలేదు. ముడతకు ఇటు ఎలా ఉందో అటూ అలాగే ఉంది. అంటే ఆ వైరు గాల్లో ఉంది. గోడకు అవతల ఖాళీ ఉంది. నాకు అప్పుడు భయం వేయలేదు. సంతోషం వేసింది. నా పెట్టె ఎంత బాగా చూస్తోందో అని.

దూరాలు సరిచూసుకోవడానికి మునెప్పను సెల్లార్‌లోకి పంపాను. అక్కడ ఫోను సిగ్నల్ ఉండదు. కేకలే. ప్రతి స్తంభం దగ్గరా ఆగి వైరును పిడికిట్లో పట్టుకోమన్నాను.

"రెండుసార్లు నొక్కి వదిలెయ్యండి!" మెట్ల మీదినుంచి గట్టిగా అరిచాను.

"నొక్కినా మా!"

తెర మీద గుంట. పోయింది. మళ్ళీ గుంట. పోయింది.

"పక్క స్తంభం! రెండుసార్లు!"

గుంట... గుంట. కాస్త కుడివైపు జరిగి. అలా ఒక్కో స్తంభం దాటుకుంటూ ఆయన గోడదాకా పోయాడు. నేను అరుస్తూనే ఉన్నాను. నా గొంతు సెల్లారంతా మారుమోగింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ సెల్లార్‌లో గాని, గోడ అవతల గాని ఎవరున్నా నా మాట విని ఉంటారు. వినకుండా ఉండలేరు.

పని అయింది. రమ్మన్నాను. కింద తలుపు మూసి తాళం వేసిన చప్పుడు విన్నాను. మునెప్ప పైకి వచ్చి, చేతులు దులుపుకుని, నా పక్క మెట్టు మీద కూర్చున్నాడు. సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. గటగట... ఆ చప్పుడు బాగా గుర్తుంది నాకు. ఎందుకంటే అప్పుడే తెర మీద గుంట పడింది.

ముడతకు కుడివైపు.

నేను కళ్ళు నలుపుకున్నాను. గుంట అలాగే ఉంది. వైరు చివరికి దగ్గరగా. కలిపిన చోట పిన్ను వదులైందేమోనని బిగించాను. గుంట పోలేదు.

కదిలింది.

మెల్లగా... ఎడమవైపుకి. కొంచెం జరిగి ఆగింది. మళ్ళీ జరిగింది. చీకట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి ఎలా నడుస్తాడు? చెయ్యి వేసి, అడుగు వేసి, మళ్ళీ చెయ్యి జరిపి... అలా. ముడత వైపు వస్తోంది. గోడ వైపు. మా వైపు.

"మునెప్పన్నా... కింద ఎవరున్నారు?"

"ఎవురూ లేరు మా. తాళం ఈడ ఉండాది చూడండి."

తాళంచెవుల గుత్తి చూపించాడు. నేను తెర చూపించాను. ఆయనకు ఇంతసేపూ గుంట అంటే ఏమిటో చెప్తూనే ఉన్నాను. అర్థమైంది. సీసా కింద పెట్టాడు. అది దొర్లిపోయి మెట్ల మీద టక్... టక్... టక్‌మని పడుతూ పోయింది. ఇద్దరమూ దాన్ని పట్టుకోలేదు.

గుంట ముడతదాకా వచ్చింది. ఆగింది.

పోయింది.

హమ్మయ్య అనుకున్నాను. ఊపిరి కూడా వదల్లేదు ఇంకా...

గుంట. పోయింది. గుంట. పోయింది.

రెండుసార్లు.

కాసేపు ఏమీ లేదు. వాన చప్పుడు. నా పెట్టె మోత. మళ్ళీ... నొక్కి వదిలింది. నొక్కి వదిలింది.

నేను అరిచి చెప్పిన పనే అది. ఎవరో విన్నారు. విని, నేను చెప్పినట్టే చేస్తున్నారు. అప్పుడు తట్టింది నాకు... అలారం నొక్కే పాత స్విచ్చు ఆ వైరు చివర, గోడకు అవతలే ఉండిపోయి ఉండాలి. బెల్లు మోగింది వైరు చెడినందుకు కాదు. రాత్రిళ్ళు ఎవరో నొక్కుతున్నారు. ఎవరూ రాలేదు. చుట్టుపక్కలవాళ్ళు నిద్ర చెడుతోందని ఫిర్యాదు చేశారు. బిల్డింగువాళ్ళు మమ్మల్ని పిలిచారు... మోగకుండా చేయడానికి!

చెప్పండి, ఇందులో దెయ్యం ఎక్కడుంది? మనిషి అనే కదా మీకూ అనిపించేది?

నేను మెట్ల దగ్గరికి పోయి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాను.

"ఎవరైనా ఉంటే... మూడుసార్లు నొక్కండి!"

గొంతు పగిలింది. మళ్ళీ తెర ముందుకు వచ్చి కూర్చున్నాను. మునెప్ప నా భుజం వెనక నిలబడ్డాడు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. గీత తిన్నగా ఉంది. ఏమీ లేదు. ఏమీ లేదు... ఎంతసేపు చూశామో తెలియదు. నేను ప్రార్థన కూడా చేయలేదు. చేస్తే భయపడినట్టవుతుందని.

గుంట పడింది. ఈసారి తక్కువ లోతు. పోయింది.

ఇంకా ఆలస్యంగా, ఇంకోటి. పోయింది.

మూడోది రాలేదు.

గుంట పడింది, కానీ నొక్కి వదిలినట్టు కాదు. సన్నగా పడి, వెనక్కి జారుతూ పోయింది. గోడనుంచి దూరంగా, వైరు చివరి వైపు. పట్టు వదిలేస్తూ పోయినట్టు. అలా పోయి, పోయి... గీత తిన్నగా అయిపోయింది. తెల్లారేదాకా అలాగే ఉంది.

గుంట పోగానే ఇద్దరమూ కిందికి పరుగెత్తాము. మునెప్ప తాళం తీశాడు. గోడ మీద పిడికిళ్ళతో బాదాము. చెవి పెట్టి విన్నాము. తెలుగులో అరిచాను, కన్నడలో అరిచాను. ఏమీ లేదు. ఇటుకల చల్లదనం తప్ప. "దేవుడా, ఎవురప్పా లోపల, పలకప్పా..." అని మునెప్ప ఏడుపు గొంతుతో పిలిచాడు. పగలగొడదామంటే ఓనరుకు చెప్పాలన్నాడు. సరే, చెప్పండి!

ఇక్కడినుంచి నాకు మండే భాగం.

కార్తీక్‌కు ఫోన్ చేశాను. నిద్రలోంచి లేచాడు. అంతా విన్నాడు.

"సుహాసిని గారూ, సీరియస్‌గా అంటున్నారా? అది నాయిస్ అండీ. మీ సర్క్యూట్ హోమ్‌మేడ్ కదా, ట్రాన్సిస్టర్ ఇష్టం వచ్చినప్పుడు ఫైర్ అయి ఉంటుంది. టయర్డ్‌గా ఉన్నారు, క్యాబ్ బుక్ చేసుకుని వెళ్ళిపోండి."

"అది ఇష్టం వచ్చినప్పుడు పేలితే గీత మొత్తం వణుకుతుంది. ఒక్కచోట గుంట పడదు. లోపల మనిషి ఉన్నాడు కార్తీక్!"

"టెక్నికల్‌గా మాట్లాడదాం, ఎమోషన్స్ వద్దు."

నేను టెక్నికల్‌గానే మాట్లాడాను. మెషిన్ కొననప్పుడు నా చెయ్యి బంగారం. నా చెయ్యి చెప్పింది నచ్చనప్పుడు హోమ్‌మేడ్!

పోలీసులకు ఫోన్ చేశాను. ఒక కానిస్టేబుల్ వచ్చాడు. పాపం, వచ్చాడు, అది ఒప్పుకోవాలి. గోడను లాఠీతో రెండు పోట్లు పొడిచి, చెవి పెట్టి, "ఏనూ ఇల్ల మేడం" అన్నాడు. ఏమీ లేదట. ఓనరు ఒప్పుకోకుండా గోడ పగలగొట్టలేమన్నాడు. కింద మెట్రో పోతుంది కదా, అదిరి ఉంటుందన్నాడు. ఆ వేళకు చిక్కపేట మెట్రో స్టేషనుకు తాళం వేసి ఎంతసేపయిందో ఆయనకు తెలియదా?

విశ్వనాథ్ తెల్లారాక వచ్చాడు. తెల్లారాక! రాత్రి ఫోనులో "పొద్దున చూస్తాం లేమ్మా" అన్నాడు. ఆ మాటకు నేను ఎన్ని తిట్లు తిట్టానో. ఆలస్యం చేస్తే ఆ మనిషి పోతాడన్నాను. మీ పేరు చెప్తానన్నాను. చివరికి తెల్లవారుజామున, గొంతు పోయి, ఏడుపొచ్చి, "సరే, లోపల ఎవరూ లేరు, నాకే పిచ్చి, చాలా!" అని కూడా అరిచాను, మునెప్ప ముందే.

వచ్చినవాడు చేతిలో ఏం తెచ్చాడో తెలుసా? గుమ్మడికాయ. నిమ్మకాయలు. కుంకుమ. వెంట ఒక పూజారి.

"ఏమమ్మా, నా బిల్డింగులో దెయ్యముండాదని ఊరంతా చెప్తావా? దుకాణాలోళ్ళు కాళీ చేసి పోతే ఎవురు జవాబు? శాంతి చేపిస్తా ఉండా. దీంతో అయిపోవాల."

"దెయ్యం అని ఎవరన్నారు?" అన్నాను. "మనిషి అన్నాను నేను! మనిషి!"

ఆయన నా మొహం కూడా చూడలేదు. అప్పుడు అర్థమైంది నాకు. దెయ్యమైతే గుమ్మడికాయ చాలు. మనిషైతే గోడ పగలగొట్టాలి. పంచుకుని విడిపోయిన అన్నదమ్ములతో మాటలు కలపాలి. కేసు అవుతుంది. అందుకే వాళ్ళకు దెయ్యం కావాలి. నేను చెప్పని మాట నా నోట్లో పెట్టి, దానికి శాంతి చేయించారు.

ఆ గోడ ముందు గుమ్మడికాయ పగలగొట్టారు. ఎర్రటి నీళ్ళు ఇటుకల మీద చింది కారాయి.

"గుమ్మడికాయ పగలగొట్టారు కదా! ఒక్క ఇటుక పగలగొట్టలేరా?"

అప్పుడు వెనక ఎక్కడో ఇనుము చప్పుడైంది. మునెప్ప. సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చాడు. ఎవరినీ అడగలేదు. విశ్వనాథ్ "ఏయ్ మునెప్పా!" అని అరుస్తున్నా వినిపించుకోలేదు. వైరు దూరే చోటికి కాస్త కింద, ఒక ఇటుక చుట్టూ సున్నం గీకి, కొట్టి, కొట్టి... లోపలికి తోశాడు.

ఇటుక అవతల పడింది. మట్టి మీద పడినట్టు కాదు. గచ్చు మీద పడినట్టు, టప్పున. ఆ చప్పుడు లోపల తిరిగింది.

ఖాళీ! నేను చెప్పినట్టే ఖాళీ. నేను విశ్వనాథ్ వైపు చూశాను. ఆయన నోరు మూతపడింది. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం నాకు చాలు.

కన్నంలోంచి ఫోను టార్చి వేసి చూశాను. గోడ చాలా మందం. ఎదురుగా ఇంకో గోడ, సున్నం రాలిపోయి. దాని మీద పైన మన వైరు, వేలాడుతూ. అంతే కనిపించింది. పక్కలు కనిపించలేదు. కన్నం కింద, గోడకు ఆనుకుని ఏముందో అసలే కనిపించదు. ఎవరైనా గోడ దగ్గరికి వచ్చి ఉంటే అక్కడే ఉండాలి కదా. ఫోను లోపలికి పెట్టి వీడియో తీద్దామనుకున్నాను.

"ఉండండి మా, పురుగూ పుట్రా ఉంటాది. నేను ముందు చూస్తా."

మునెప్ప చొక్కా చెయ్యి పైకి మడిచి, కన్నంలోకి చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా. భుజం దాకా. చెంప ఇటుకలకు ఆనింది. గోడ అవతల కిందికి తడుముతున్నాడు. ఆయన మొహం నా వైపే ఉంది. నేను ఆ మొహమే చూస్తున్నాను.

ఆయన చెయ్యి ఆగింది.

అరవలేదు. ఉలిక్కిపడలేదు. అలాగే ఉండిపోయాడు... కళ్ళు మాత్రం నెమ్మదిగా మూసుకున్నాడు. పూజారి మంత్రం ఆపేశాడు. ఎంతసేపు అలా ఉన్నాడో... తర్వాత చెయ్యి బయటికి తీసుకున్నాడు. జాగ్రత్తగా. నిద్రపోయే బిడ్డ తల కింది నుంచి చెయ్యి తీసినట్టు.

"ఏముంది మునెప్పన్నా?"

"ఏమీ లేదు మా."

"ఏమీ లేకపోతే పక్కకు జరగండి. నేను ఫోను పెడతాను."

జరగలేదు. కన్నానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను తోశాను. అవును, పెద్దాయన్ని తోశాను. కదల్లేదు.

"బ్యాడ మా. సుమ్నె ఉండిపోండి." వద్దు, ఊరుకోమని. నా చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు పెట్టాడు. ఆయన వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. సెల్లారు చలి అని చెప్పుకున్నాను నాకు నేనే.

"ఏమీ లేకపోతే ఎందుకు అడ్డం నిలబడ్డారు?"

ఆయన విశ్వనాథ్‌తో "సిమెంటు యాడుండాది?" అని అడిగాడు. రాత్రంతా నాతో పాటు ఆ గోడ బాదిన మనిషి! "పలకప్పా" అని ఏడ్చిన మనిషి! తానే సిమెంటు కలిపాడు. తానే కొత్త ఇటుక పెట్టాడు. నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన తాపీతో సిమెంటు నున్నగా చేశాడు, చేసి, అరచేతితో ఒకసారి నిమిరాడు.

పోలీసులకు మళ్ళీ చెప్పాను. లోపల చెయ్యి పెట్టి చూసినవాడు మునెప్ప, నువ్వు కాదు కదా అన్నారు. ఆయన "ఏమీ లేదు" అనే చెప్పాడు. వైరును గోడ దగ్గరే కత్తిరించేశారు. బెల్లు ఇక మోగలేదు. నా రిపోర్టులో కార్తీక్ 'తేమ వల్ల లోపం' అని దిద్ది నా పేరు కింద పంపించాడు. నేను పని మానేస్తానంటే బతిమాలాడు. పెట్టె వదిలి పొమ్మన్నాడు. ఇవ్వలేదు. అది నా దగ్గరే ఉంది. అదే ట్రాన్సిస్టర్‌తో, అలాంటి పాత వైరే గది చుట్టూ కట్టి, రాత్రులు కూర్చుని చూశాను. ఎలుకలు కూడా తిరిగాయి పైన. అలాంటి గుంట ఒక్కసారీ రాలేదు.

మరి అదేమిటి? మనిషా? మనిషైతే లోపలికి ఎలా పోయాడు, అటు దారి ఎక్కడుంది? పక్క బిల్డింగువాళ్ళు వాళ్ళ వైపు సెల్లారే లేదంటారు. మనిషి కాకపోతే నా మాట ఎలా వింటుంది? నాకు తెలియదు. మీరు అడిగే ప్రశ్నలన్నీ నన్ను నేను అడిగాను. తెలియదు.

మునెప్ప ఆ నెలలోనే పని వదిలేసి హోస్కోటెలో కూతురింటికి పోయాడు. ఫోను ఎత్తలేదు. ఊరుకుంటానా? వెతుక్కుంటూ పోయాను. బాగానే ఉన్నాడు. లోపలికి రమ్మన్నాడు, కాఫీ ఇప్పించాడు, మా అమ్మ ఎలా ఉందని అడిగాడు. అన్నీ మాట్లాడాడు. అది తప్ప. నేను లేచి వచ్చేస్తుంటే గేటుదాకా వచ్చాడు. బస్సు వస్తోంది. అప్పుడన్నాడు.

"మీరు ఆ పొద్దు చెప్పింది రైటే మా."

"ఏది? ఏ మాట?"

నేను ఆ రాత్రి ఎన్ని మాటలన్నాను! మనిషున్నాడన్నాను. ఆలస్యం చేస్తే పోతాడన్నాను. ఎవరూ లేరు, నాకే పిచ్చి అని కూడా అన్నాను. వీటిలో ఏది రైటు? గేటు ఊచలు పట్టుకుని ఊపేశాను. "ఏది రైటో చెప్పి పొండి అన్నా! మీకు ఏం హక్కుంది చెప్పకుండా ఉండటానికి?"

ఆయన తల దించుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. లోపలినుంచి గడియ పెట్టిన చప్పుడు కూడా విన్నాను.

చెప్పండి ఇప్పుడు... మీరైతే ఊరుకుంటారా?